జెర్రీ రైస్‌ను ఫార్టీనైనర్స్ ఎందుకు వదులుకుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

2001 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ టీమ్ జెర్రీ రైస్‌ను వదిలేసింది. అమెరికన్ ఫుట్‌బాల్ చరిత్రలో అంతకన్నా గొప్ప రిసీవర్ లేడని అప్పటికే అందరూ ఒప్పుకున్నారు. అయినా 16 సీజన్లు ఒకే జెర్సీలో ఆడినవాడు ఇంకో టీమ్ వెతుక్కోవాల్సి వచ్చింది. ఈ ఆట కొత్తగా చూస్తున్న తెలుగువాళ్లు, ముఖ్యంగా బే ఏరియాకి వచ్చి ఫార్టీనైనర్స్‌ని సొంత టీమ్ చేసుకున్నవాళ్లు, ఈ సంగతి తెలియగానే ఒకటే అడుగుతారు: అలాంటివాణ్ణి ఎలా వదులుకున్నారు? ఆ ప్రశ్నకీ, దాని వెనకే వచ్చే మిగతా ప్రశ్నలకీ జవాబులివి.

ఇది మనం చూసే ఫుట్‌బాల్ కాదు కదా? రిసీవర్ అంటే ఎవరు?

కాదు. ఇది కోడిగుడ్డు ఆకారపు బంతితో, చేతులతో ఎక్కువగా ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. క్వార్టర్‌బ్యాక్ బంతి విసురుతాడు. ముందుకు పరిగెత్తి, అడ్డుపడే డిఫెండర్ని తప్పించుకుని ఆ బంతిని పట్టేవాడు రిసీవర్. అవతలి గీత దాటి పట్టినా, పట్టాక దాటినా టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ఈ జవాబులు అర్థం కావడానికి ఇంతమాత్రం తెలిస్తే చాలు.

జెర్రీ రైస్ నిజంగా అంత గొప్పవాడా?

కెరీర్ మొత్తంలో 1,549 క్యాచ్‌లు, 22,895 యార్డులు (క్యాచ్‌లతో బంతిని ముందుకు తీసుకెళ్లిన దూరం), 208 టచ్‌డౌన్లు. యార్డుల్లో రెండో స్థానంలో ఉన్న లారీ ఫిట్జెరాల్డ్ 17,492 దగ్గర ఆగాడు. అతను 17 సీజన్లు ఆడినవాడు, అతనూ మహా రిసీవరే. అయినా ఇద్దరి మధ్య తేడా 5,403 యార్డులు! మంచి రిసీవర్ ఒక సీజన్‌లో వెయ్యి యార్డులు చేస్తే గొప్పగా చెప్పుకుంటారు. అలాంటి సీజన్లు ఇంకో ఐదు ఆడినా ఆ తేడా పూర్తిగా పూడదు.

రైస్‌ది మిసిసిపీ రాష్ట్రం. తండ్రి తాపీమేస్త్రీ. వేసవి సెలవుల్లో తండ్రి దగ్గర పనికి వెళ్లి, అన్నదమ్ములు పైకి విసిరే ఇటుకల్ని పట్టుకుంటూ చేతులు గట్టిపడ్డాయని ఆయనే చాలాసార్లు చెప్పాడు. చదివింది మిసిసిపీ వ్యాలీ స్టేట్ అనే చిన్న కాలేజీలో. పెద్ద కాలేజీల మీదే కన్నేసి ఉంచే స్కౌట్లకి ఆయన కాళ్లలో వేగం చాలదని అనుమానం. ఫార్టీనైనర్స్ కోచ్ బిల్ వాల్ష్ మాత్రం 1984లో హ్యూస్టన్‌లోని హోటల్ గదిలో టీవీలో ఈ కుర్రాడి ఆట చూసి మనసులో పెట్టుకున్నాడు. కాలేజీ ఆటగాళ్లని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1985లో, న్యూ ఇంగ్లండ్ టీమ్‌తో బేరం కుదుర్చుకుని పైకి జరిగి, 16వ స్థానంలో తీసుకున్నాడు.

మొదటి సీజన్ సాఫీగా సాగలేదు. చేతిదాకా వచ్చిన బంతులు జారవిడిచాడు, సొంత అభిమానులే గోల చేశారు. ఆ డిసెంబర్‌లో రామ్స్ మీద ఒక్క మ్యాచ్‌లో 10 క్యాచ్‌లతో 241 యార్డులు చేశాక ఆ గోల ఆగింది. 1987లో 12 మ్యాచ్‌లే ఆడి 22 టచ్‌డౌన్లు పట్టాడు. లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌ని మూడుసార్లు గెలిచాడు. 1989 జనవరిలో సిన్సినాటీ మీద ఆడిన సూపర్ బౌల్‌లో 215 యార్డులు చేసి మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ అయ్యాడు.

మరి అలాంటివాణ్ణి ఎందుకు వదులుకున్నారు?

డబ్బు లెక్క, వయసు, పక్కనే ఎదిగిన కుర్రాడు. మూడూ ఒకేసారి కలిసొచ్చాయి.

ముందు డబ్బు. 1990లలో ఫార్టీనైనర్స్ గెలుపు కోసం కాంట్రాక్టుల భారాన్ని ఏటా రాబోయే సంవత్సరాలకి నెట్టుకుంటూ పోయింది. ఆ బాకీలన్నీ దశాబ్దం చివర్లో ఒక్కసారిగా మీద పడ్డాయి. పైగా శాలరీ క్యాప్ (జీతాల హద్దు) నిబంధనలు ఉల్లంఘించినందుకు లీగ్ జరిమానా వేసి, డ్రాఫ్ట్ పిక్స్ కూడా కోసేసింది. టీమ్ 1999లో 4-12తో (4 గెలుపులు, 12 ఓటములు), 2000లో 6-10తో ముగించింది. క్వార్టర్‌బ్యాక్ స్టీవ్ యంగ్ 2000లో రిటైరయ్యాడు. పాత జట్టుని విప్పేసి కొత్తగా కట్టుకోవాల్సిన పరిస్థితి.

తర్వాత వయసు. 2001 జూన్ నాటికి రైస్‌కి 38 ఏళ్లు. 1998లో 1,157 యార్డులు చేసినవాడు 1999లో 830కి, 2000లో 805కి దిగాడు. కాగితం మీద చూస్తే జారుడుబల్లే. కుర్రాడి సంగతి కింద విడిగా చెప్తాను, అది కాస్త పెద్ద కథ.

శాలరీ క్యాప్ అంటే ఏంటి? జూన్ దాకా ఎందుకు ఆగారు?

ప్రతి టీమూ ఆటగాళ్ల జీతాలకి ఏడాదిలో ఇంతకన్నా ఖర్చు పెట్టకూడదని లీగ్ పెట్టే హద్దు శాలరీ క్యాప్. 1994లో 3.46 కోట్ల డాలర్లతో మొదలైంది. 2025కి 27.92 కోట్ల డాలర్లయింది.

దీంట్లో ఉన్న మెలిక బోనస్ దగ్గర. ఒక ఆటగాడికి ఐదేళ్ల కాంట్రాక్టు మీద సంతకం చేసేటప్పుడు కోటి డాలర్ల బోనస్ ఇచ్చారనుకోండి. డబ్బు వెంటనే అతని చేతిలో పడుతుంది, లెక్కలో మాత్రం ఏడాదికి 20 లక్షల చొప్పున ఐదేళ్లకి పంచుతారు. రెండేళ్లకే అతన్ని వదిలేస్తే మిగిలిన 60 లక్షలూ ఆ ఏడాది లెక్కలోనే పడతాయి. ఆడని మనిషి పేరు మీద హద్దులో చోటు తినే ఈ మొత్తాన్ని డెడ్ మనీ అంటారు. అదే జూన్ 1 దాటాక వదిలితే ఈ ఏడాదికి 20 లక్షలు, వచ్చే ఏడాదికి 40 లక్షలు పడతాయి. భారం రెండు ముక్కలవుతుంది.

ఫార్టీనైనర్స్ జూన్ దాకా ఆగింది ఇందుకే. 2000 డిసెంబర్‌లోనే వీడ్కోలు వాతావరణం ఉన్నా, కాగితాలు కదిలింది ఆర్నెల్ల తర్వాత. ఇప్పుడు రూల్ కొంచెం మారింది. ఏడాదికి ఇద్దరు ఆటగాళ్లని మార్చిలోనే వదిలి, జూన్ 1 తర్వాత వదిలినట్టుగా లెక్క రాసుకోవచ్చు. ఆటగాడికి ఇదే మేలు, ఎందుకంటే మిగతా టీమ్‌ల దగ్గర డబ్బూ ఖాళీలూ ఉండేది మార్చిలోనే.

కాంట్రాక్టు ఉండగా మధ్యలో తీసేయొచ్చా?

తీసేయొచ్చు. ఈ లీగ్‌లో కాంట్రాక్టు ఐదేళ్లదని రాసి ఉన్నా, అందులో గ్యారంటీ అని ఉన్న మొత్తానికే భరోసా. మిగతాది ఆటగాడు టీమ్‌లో ఉంటేనే వస్తుంది. బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ కాంట్రాక్టుల్లో ఉండే భద్రత ఇక్కడ లేదు. ఒళ్లు హూనమయ్యే ఆటలోనే భరోసా తక్కువ ఉండడం నాకు ఎప్పటికీ మింగుడుపడని విషయం.

టెర్రెల్ ఓవెన్స్ వల్లే రైస్‌ని పంపేశారంటారు. నిజమేనా?

చాలావరకు నిజమే, కానీ ఓవెన్స్ చేసిన తప్పేమీ లేదు. 1996 డ్రాఫ్ట్ మూడో రౌండ్‌లో వచ్చాడు. రైస్ ఆట చూస్తూ, ఆయన పక్కనే నేర్చుకున్నాడు. 2000 సీజన్‌లో 97 క్యాచ్‌లు, 1,451 యార్డులు, 13 టచ్‌డౌన్లు. వయసు 27. ఇద్దరికీ డబ్బు ఇచ్చే స్తోమత టీమ్‌కి లేనప్పుడు ఎవరిని ఉంచుకోవాలన్నది ఏ మేనేజర్‌కీ కష్టమైన ప్రశ్న కాదు.

2000 డిసెంబర్ 17 గురించి ఇక్కడ చెప్పాలి. క్యాండిల్‌స్టిక్ పార్క్‌లో షికాగో బేర్స్‌తో మ్యాచ్. ఆ మైదానంలో ఫార్టీనైనర్స్ జెర్సీతో రైస్‌కి ఇదే ఆఖరి మ్యాచ్ కావచ్చని స్టేడియంలో అందరికీ తెలుసు. జనం వచ్చింది ఆయన కోసం. క్వార్టర్‌బ్యాక్ జెఫ్ గార్సియా విసిరిన బంతులు మాత్రం మళ్లీ మళ్లీ 81వ నంబర్ ఓవెన్స్ దగ్గరికే వెళ్లాయి. ఓవెన్స్ ఆ రోజు 20 క్యాచ్‌లు పట్టాడు, 283 యార్డులు. 1950 నుంచి టామ్ ఫియర్స్ పేరు మీద ఉన్న 18 క్యాచ్‌ల రికార్డు బద్దలైంది. మ్యాచ్ 17-0తో గెలిచారు. రైస్‌కి వీడ్కోలు చెప్పడానికి వచ్చిన జనం ఆయన వారసుడి పట్టాభిషేకం చూసి ఇంటికి వెళ్లారు.

ఎవరూ పథకం వేసి చేసింది కాదది. బేర్స్ డిఫెన్స్‌లో ఓవెన్స్ వైపు ఖాళీ దొరికింది, బంతి అటు వెళ్లింది. అందుకే మరీ బాధ. ఎవరి మీదైనా కోపం తెచ్చుకుందామన్నా మనిషి దొరకడు.

38 ఏళ్లంటే రిసీవర్‌కి ముసలితనమేనా?

మామూలుగా అయితే అవును, అంతకన్నా ముందే. రిసీవర్లు చాలామంది 30 దాటగానే నెమ్మదిస్తారు. తొడ వెనక కండరాలు పట్టేస్తాయి, మడమలు మొరాయిస్తాయి, డిఫెండర్‌కీ తమకీ మధ్య ఉండే రెండడుగుల ఖాళీ ఒక అడుగవుతుంది.

రైస్ సంగతి వేరుగా ఉండడానికి కారణం ఆయన ఆట ఎప్పుడూ వేగం మీద నిలబడకపోవడమే. ఆయన బలం రూట్. పరిగెత్తే దారి ఎన్నో అడుగు దగ్గర తిరగాలో ముందే అనుకుని ఉంటారు. చాలామంది తిరిగేముందు వేగం తగ్గిస్తారు, భుజాలు పైకి లేస్తాయి, నడుం కాస్త నిటారవుతుంది. ఎదురుగా ఉన్న డిఫెండర్ పసిగట్టేది సరిగ్గా దాన్నే. రైస్ పాత వీడియోలు నెమ్మదిగా తిప్పి చూడండి. తిరిగే అడుగు దాకా ఒంట్లో ఏ మార్పూ ఉండదు. ఛాతీ ముందుకు వంగే ఉంటుంది, చేతులు అదే లయలో ఊగుతుంటాయి, ఉన్నట్టుండి బయటి కాలు నేలలో దిగుతుంది. డిఫెండర్ ఇంకా వెనక్కి పరిగెడుతూనే ఉంటాడు. ఆ విద్యకి 25 ఏళ్లయినా 38 ఏళ్లయినా పెద్ద తేడా లేదు.

దాని వెనకున్న కష్టం కూడా అంతే. సీజన్ లేనప్పుడు శాన్ కార్లోస్ దగ్గర ఎడ్జ్‌వుడ్ పార్క్‌లో రెండున్నర మైళ్ల ఎగువదారి పరిగెత్తేవాడు. తోటి ఆటగాళ్లు కూడా వచ్చి మధ్యలోనే ఆగిపోయిన కథలు చాలా ఉన్నాయి. ఆ పార్కు ఇప్పటికీ ఉంది. అటువైపు ఉంటున్న మనవాళ్లు వారాంతంలో ఒకసారి నడిచి చూస్తే విషయం మోకాళ్లకి అర్థమవుతుంది.

1997లో మోకాలు దెబ్బతింది కదా, అప్పుడే అయిపోయాడని అనలేదా?

అన్నారు. అంతవరకు గాయం వల్ల ఒక్క మ్యాచ్ కూడా ఆగని మనిషి, సీజన్ మొదటి మ్యాచ్‌లోనే టాంపాలో ఎడమ మోకాలి లిగమెంట్ తెగి పడిపోయాడు. ఏడాది పట్టే గాయమది. డిసెంబర్ 15న, టీమ్ పాత క్వార్టర్‌బ్యాక్ జో మోంటానా నంబర్‌ని ఇంకెవరికీ ఇవ్వకుండా రిటైర్ చేసిన రాత్రి, తిరిగొచ్చేశాడు. టచ్‌డౌన్ పట్టాడు, కిందపడ్డప్పుడు అదే మోకాలి చిప్ప పగిలింది. తొందరపడ్డాడనే నేనంటాను. కానీ ఆ తర్వాతి సీజన్‌లో మళ్లీ వెయ్యి యార్డులు దాటించాడు.

ఆ తర్వాత ఓక్లాండ్ రైడర్స్ టీమ్‌కి వెళ్లి ఎలా ఆడాడు?

బే బ్రిడ్జి దాటితే ఓక్లాండ్. ఇల్లు మారాల్సిన పని కూడా లేదు. కోచ్ జాన్ గ్రూడెన్, క్వార్టర్‌బ్యాక్ రిచ్ గానన్, అవతలివైపు రిసీవర్‌గా టిమ్ బ్రౌన్. మొదటి సీజన్‌లోనే 83 క్యాచ్‌లు, 1,139 యార్డులు, 9 టచ్‌డౌన్లు. 2002లో 92 క్యాచ్‌లు, 1,211 యార్డులు. ఆ అక్టోబర్‌లో ఆయనకి 40 ఏళ్లు నిండాయి. నవంబర్ 11న డెన్వర్‌లో కెరీర్‌లో 200వ టచ్‌డౌన్ చేశాడు. ఆ సీజన్‌లో రైడర్స్ సూపర్ బౌల్ దాకా వెళ్లి టాంపా బే చేతిలో 48-21తో చిత్తుగా ఓడింది. అప్పటికి టాంపా బేకి కోచ్‌గా వెళ్లిపోయింది గ్రూడెనే! ఆ ఓటమిలో కూడా రైస్ 48 యార్డుల టచ్‌డౌన్ పట్టాడు. నాలుగు సూపర్ బౌల్‌లలో టచ్‌డౌన్ చేసిన మొదటి ఆటగాడయ్యాడు.

అయితే ఫార్టీనైనర్స్ చేసింది తప్పేనా?

నా దృష్టిలో వదులుకోవడం తప్పు కాదు. ఆయన పని అయిపోయిందని నమ్మడమే తప్పు. ఈ రెండిటినీ కలిపేయడం వల్లే ఇన్నేళ్లయినా వాదన తెగడం లేదు.

రైస్ లేకుండా 2001లో ఫార్టీనైనర్స్ 12-4తో ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. గార్సియా, ఓవెన్స్ టీమ్‌ని నడిపించారు. డబ్బు లెక్క సర్దుకుంది. కాబట్టి టీమ్ నష్టపోయిందని చెప్పలేం. అదే సమయంలో 1999, 2000 అంకెలు చూసి ముసలివాడయ్యాడని తేల్చినవాళ్లు ఒక సంగతి మర్చిపోయారు. ఆ రెండేళ్లలో టీమే కూలిపోయింది. స్టీవ్ యంగ్ తలకి దెబ్బ తగిలి 1999లో మూడు మ్యాచ్‌లకే ఆగిపోయాడు. కొత్త క్వార్టర్‌బ్యాక్ కుర్ర రిసీవర్‌కి అలవాటుపడ్డాడు. రైస్ అంకెలు తగ్గడంలో ఆయన వయసుది ఎంత భాగమో, చుట్టూ మారిన పరిస్థితులది ఎంత భాగమో విడదీసి చూడలేదు. ఓక్లాండ్‌లో చూశారు, ఫలితం పొందారు.

ఈ టీమ్‌కి ఇది కొత్త కూడా కాదు. టీమ్‌లో పెద్ద ఆటగాళ్లయిన రానీ లాట్, రోజర్ క్రెయిగ్ 1991లో ఇదే రైడర్స్‌కి వెళ్లారు. మోంటానాని 1993లో కాన్సస్ సిటీకి ఇచ్చేశారు. ఆలస్యం అయ్యాక కన్నా ఒక ఏడాది ముందు వదులుకోవడమే మేలన్నది బిల్ వాల్ష్ పద్ధతి, 1999 నుంచి 2001 దాకా జనరల్ మేనేజర్ కూడా ఆయనే. రైస్‌ని తెచ్చినవాడి హయాంలోనే రైస్‌కి తలుపులు మూసుకున్నాయి.

సొంత టీమ్ మీద ఎప్పుడైనా ఆడాడా?

2002 నవంబర్ 3న, ఓక్లాండ్‌లో. మ్యాచ్ ఓవర్‌టైమ్‌కి వెళ్లింది. ఫార్టీనైనర్స్ 23-20తో గెలిచింది.

ఆ తర్వాత ఏమైంది?

2003లో రైడర్స్ 4-12కి పడిపోయింది. 2004 సెప్టెంబర్‌లో ఒక మ్యాచ్‌లో ఆయనకి ఒక్క క్యాచ్ కూడా రాలేదు. దాంతో వరుసగా 274 మ్యాచ్‌లలో కనీసం ఒక క్యాచ్ పట్టిన రికార్డు ఆగింది. అక్టోబర్‌లో సియాటిల్‌కి ట్రేడ్ అయ్యాడు. అక్కడ 80వ నంబర్ స్టీవ్ లార్జెంట్ గౌరవార్థం పక్కన పెట్టి ఉంటే, లార్జెంట్ ఒప్పుకున్నాక రైస్ వేసుకున్నాడు. ఆ ఒప్పుకోలు సియాటిల్ అభిమానుల్లో కొందరికి నచ్చలేదు, వాళ్ల బాధనీ తప్పుబట్టలేం. 2005లో డెన్వర్ క్యాంపుకి వెళ్లి, అక్కడ వెనక వరసలోనే ఉండాల్సి వస్తుందని తెలిశాక సీజన్ మొదలయ్యే ముందు రిటైరయ్యాడు. అప్పటికి 42 ఏళ్లు.

ఫార్టీనైనర్స్‌తో మళ్లీ కలిశాడా?

కలిశాడు. 2006 ఆగస్టులో ఫార్టీనైనర్స్ ఆటగాడిగానే రిటైరయ్యేందుకు ఒక్కరోజు కాంట్రాక్టు మీద సంతకం పెట్టించారు. అందులో రాసిన మొత్తం 1,985,806.49 డాలర్లు. 1985 ఆయన వచ్చిన ఏడాది, 80 ఆయన నంబర్, 06 రిటైరైన ఏడాది, 49 టీమ్ పేరు. ఉత్తుత్తి అంకె, దమ్మిడీ కూడా చేతులు మారలేదు. 2010లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. అదే ఏడాది సెప్టెంబర్ 20న క్యాండిల్‌స్టిక్‌లో 80వ నంబర్‌ని ఇంకెవరికీ ఇవ్వకుండా రిటైర్ చేశారు.

మిగతా పెద్ద రిసీవర్ల విడిపోవడాలు కూడా ఇలాగే ఉంటాయా?

ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. హైన్స్ వార్డ్‌ని పిట్స్‌బర్గ్ 2012 ఫిబ్రవరి 29న వదిలేసింది. కెరీర్‌లో సరిగ్గా 1,000 క్యాచ్‌లు. వేరే జెర్సీ వేసుకోవడం ఇష్టంలేక మార్చిలోనే రిటైరయ్యాడు. మార్విన్ హారిసన్‌ని ఇండియనాపొలిస్ 2009లో వదిలితే మళ్లీ మైదానంలో కనిపించలేదు. స్టీవ్ స్మిత్ అలా ఊరుకునే రకం కాదు. 2014 మార్చిలో కరోలినా పొమ్మంటే బాల్టిమోర్‌లో చేరి, సెప్టెంబర్‌లో అదే కరోలినా మీద 139 యార్డులు, రెండు టచ్‌డౌన్లు చేశాడు. 2025 మార్చిలో రామ్స్ కూపర్ కప్‌ని వదులుకుంది. 2021 సీజన్‌లో క్యాచ్‌లు, యార్డులు, టచ్‌డౌన్లు మూడిట్లోనూ మొదటి స్థానంలో నిలిచి, సూపర్ బౌల్‌లో మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ అయినవాడు, గాయాల వల్ల తర్వాతి మూడు సీజన్లలో ఒక్కసారి కూడా వెయ్యి యార్డులు చేరలేదు. వెంటనే సియాటిల్ తీసుకుంది.

మన ఐపీఎల్‌లో ఇలాంటిది ఏదైనా ఉందా?

సన్‌రైజర్స్ హైదరాబాద్, డేవిడ్ వార్నర్. 2016లో కప్ తెచ్చిన కెప్టెన్‌ని 2021 సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి తప్పించారు, ఆపైన జట్టులోంచీ తప్పించారు, తర్వాత రిటెయిన్ చేసుకోలేదు. అదే ఏడాది నవంబర్‌లో టీ20 ప్రపంచకప్‌లో అతనే ప్లేయర్ ఆఫ్ ది టోర్నమెంట్. ఉప్పల్ స్టేడియంలో అరిచి గొంతు పోగొట్టుకున్నవాళ్లకి 2001 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో అభిమాని బాధ వేరే చెప్పక్కర్లేదు. తేడా ఒక్కటే. రైస్‌ని ఆఖరి మ్యాచ్ దాకా ఆడనిచ్చారు, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టే అవకాశం ఇచ్చారు.

ఆయన ఆట ఇప్పుడు చూడాలంటే ఏ మ్యాచ్‌లతో మొదలుపెట్టాలి?

నాలుగు చాలు. 1989 జనవరి సూపర్ బౌల్, ముఖ్యంగా చివర్లో మోంటానా 92 యార్డులు నడిపించిన ఆఖరి డ్రైవ్. అందులో గెలుపు టచ్‌డౌన్ పట్టింది జాన్ టేలర్, కానీ అక్కడిదాకా తెచ్చిన పెద్ద క్యాచ్‌లు రైస్‌వి. తర్వాత 1997 డిసెంబర్ 15 డెన్వర్ మ్యాచ్. తర్వాత 2000 డిసెంబర్ 17 బేర్స్ మ్యాచ్, దీంట్లో బంతిని వదిలేసి 80వ నంబర్ వెంటే కళ్లు పెట్టి చూడండి. బంతి తన వైపు రాని ఆటల్లో కూడా ఎంత కచ్చితంగా పరిగెత్తాడో కనిపిస్తుంది. చివరిగా 2002 నవంబర్ 11 నాటి డెన్వర్ మ్యాచ్, రైడర్స్ జెర్సీలో, 40 ఏళ్ల వయసులో.